కొత్త వెర్షన్ ఎప్పుడొస్తుంది?

"కప్పులు చాలవు, స్టీలు గ్లాసులు కూడా కడిగెయ్," అని అత్తగారు కేకేసేసరికే ఆమె మోచేతుల దాకా నురగలో ఉంది. ముందు గదిలో ప్రెస్సుల వాళ్లు ఒక్కొక్కరే వచ్చి కూర్చుంటున్నారు. నిఘంటువులూ వ్యాఖ్యానాలూ అచ్చేసే ఆ కొద్దిమందికి తప్ప లోకంలో ఇంకెవరికీ అక్కర్లేని కంప్యూటర్ ప్రోగ్రాం ఒకటుంది, పుస్తకాల పేజీలు పేర్చిపెట్టేది. దాని గతేమిటో ఇవాళ తేలాలి. ఇకముందు దాన్ని ఎవరైనా పెంచుతారా, లేక వదిలేస్తారా అన్నదే అందరి గుబులూ.

మొదలుపెట్టింది ఆమె మొగుడే, కాదనడానికి లేదు. కొన్నాళ్లకే మొహం మొత్తి వేరే ఉద్యోగంలో పడ్డాడు. అప్పుడు ఆమె కడుపుతో ఉండి, తన సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మానేసి ఇంట్లో ఉంది. "ఊరికే కూర్చుంటే ఒళ్లొస్తుంది, కాస్త ఆ తప్పులేవో చూసిపెట్టు," అన్నాడు. చూసింది. చూస్తూ చూస్తూ లోపలి కోడంతా ఊడదీసి మళ్లీ రాసింది. ఒక చేత్తో పిల్లని జోకొడుతూ రాసింది, కుక్కర్ మీద ఒక చెవి వేసి రాసింది. "పొద్దస్తమానం ఆ పెట్టె ముందే," అని అత్తగారు పక్కింటావిడతో మొత్తుకునేది. "పోనీలే అమ్మా, వదినకదో కాలక్షేపం," అని ఆడపడుచు సర్దిచెప్పేది. కష్టానికి కాలక్షేపమని పేరు పెడితే జీతం అడిగే పనే ఉండదు. ప్రెస్సుల వాళ్లు ఫోన్ చేసి "సార్ లేరామ్మా?" అనేవాళ్లు. వాళ్ల కష్టమేమిటో ఆమె విని, కూర్చుని సరిచేసి, మళ్లీ తనే ఫోన్ చేసి, "సార్ ఇలా చెయ్యమన్నారండీ," అని చెప్పేది. అలా అంటే నోరెత్తకుండా చేసేవాళ్లు. తన మాటగా చెప్తే, ఎందుకైనా మంచిది సార్‌ని ఓసారి అడగమనేవాళ్లు.

టీ పట్టుకుని ఆమె గదిలోకి వెళ్లేసరికి మొగుడు మంచి ఊపు మీదున్నాడు.

"కొత్త వెర్షన్‌లో ఒక అద్భుతం చూడబోతున్నారు. పేజీ అడుగున వేసే వివరణ అక్కడ పట్టకపోతే, మిగిలింది దానంతటదే పక్క పేజీకి వెళ్లిపోతుంది!"

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. మూలన కూర్చున్న ముసలి ప్రెస్సాయన మొహమాటంగా గొంతు సవరించుకున్నాడు.

"అది ఉంది కదా సార్. నిరుడు నా పుస్తకమంతా దాంతోనే వేశాను."

గదంతా గొల్లున నవ్వింది. మొగుడు అందరికంటే గట్టిగా నవ్వేశాడు. "ఉందండీ, ఉంది. దాన్నే ఇంకా బాగుచేస్తామంటున్నాను. ఇకనుంచి మా తమ్ముడి ఆఫీసు చూసుకుంటుంది. నలుగురు కుర్రాళ్లని పెడుతున్నాడు. మా ఆవిడ వాళ్లని కూర్చోబెట్టి నేర్పుతుంది. ఇంట్లో ఖాళీయేగా!"

"నెల్లాళ్లు ఓపిక పట్టు వదినా," అన్నాడు మరిది గ్లాసు అందుకుంటూ. "ఆ తర్వాత నీకు హాయిగా రెస్టు."

రెస్టట. కూరలు తరుగుతూ ఆమె ఈమధ్య ఒకటే ఆలోచిస్తోంది: కాగితానికి వెనకవైపు వరస ముందువైపు వరస మీద సరిగ్గా కూర్చుంటే, పల్చటి కాగితం మీద కూడా అక్షరాల నీడలు అడ్డురావు. అది ఎలా చెయ్యాలో ఆమెకు తెలిసింది. ఆ ప్రోగ్రాం ముందు ముందు ఏమవ్వాలో ఆ గదిలో ఆలోచించిన మనిషి ఆమె ఒక్కర్తే. ఇప్పుడు బుర్రలో ఉన్నదంతా నెల్లాళ్లలో ఒలిచిచ్చేసి, గ్లాసులు కడుక్కోవడానికి వెళ్లిపోవాలి.

"ఇంతకీ ఎప్పుడొస్తుంది సార్, కొత్తది?" ముసలాయన వదల్లేదు.

మొగుడు ఆమె వైపు గడ్డం ఎగరేశాడు, నువ్వు చెప్పు అన్నట్టు.

ఆమె ట్రే బల్ల మీద పెట్టింది.

"రాదండీ. ఇన్నాళ్లూ రాసింది నేను. ఇక రాయను, ఎవరికీ నేర్పను."

"హాస్యానికంటోంది లెండి, టీ తాగండి," అన్నాడు మొగుడు. ఎవరూ గ్లాసు ఎత్తలేదు. మరిది ఫోన్‌లో తల దూర్చాడు. గుమ్మంలో అత్తగారు నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది.

ముసలాయన మొగుడికేసి చూడటం మానేసి, కుర్చీతో సహా ఆమె వైపు తిరిగాడు.

"మరి మా పుస్తకాల గతేంటి తల్లీ?"

ఇన్నేళ్లలో ఆ ఇంట్లో ఒక మనిషి ఆమెనే అడిగిన మొదటి ప్రశ్న అది.