ఫుల్ హౌస్ పడేదాకా

నా చిన్న తోటికోడలి సంచీ నేనే సర్దాను. రెండు చీరలు, దువ్వెన, సర్టిఫికెట్లు చుట్టిన తువ్వాలు, వాటి మధ్య నర్సు ట్రైనింగు వాళ్ళు పంపిన ఉత్తరం. మర్నాడు పొద్దున్న పదింటిలోపు చేరకపోతే సీటు ఇంకొకరికి ఇస్తామని అందులో ఉంది. కూడబలుక్కుంటూ మూడుసార్లు చదివాను. తను చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడి, "అక్కా, నువ్వూ వచ్చెయ్యి," అంది.

"ఇద్దరం లేకపోతే ఆటెక్కడిది?" అన్నాను.

ఆటంటే హౌసీ. మా ఇంటి మగవాళ్ళు ఓడల మీద పనికి పోయి ఏడాదికోసారి వచ్చేవాళ్ళు. అత్తగారు పొద్దస్తమానం రెండు గుమ్మాలూ కనిపించేలా కుర్చీ వేసుకుని కూర్చునేది. మధ్యాహ్నం రెండింటికి మాత్రం ఆ కుర్చీ బల్ల దగ్గరికి జరిగేది, పెరటి గుమ్మానికి వీపు పెట్టి. ఆట మొదలయ్యాక ఫుల్ హౌస్ పడేదాకా ఎవరూ లేవకూడదన్నది ఆవిడ పెట్టిన నిబంధనే. మామూలుగా అరగంటలో తేలిపోతుంది. వీధి చివరికి బస్సు వచ్చేది మూడింటికి. అంతకుముందు ఒకసారి ఆట తొందరగా ముగిసి, బస్టాపులో నిలబడ్డ మా చిన్నదాన్ని రెక్క పట్టుకుని లాక్కొచ్చారు. కాబట్టి ఈసారి ఆట గంట సాగాలి.

హౌసీలో ఆడేవాళ్ళకి ఉపాయమంటూ ఏదీ లేదు. అట్ట మీద పదిహేను అంకెలుంటాయి, పిలిచినవాటి మీద గుండీ పెట్టుకోవాలి, పదిహేనూ నిండితే ఫుల్ హౌస్, అంతే. సంచీలో చెయ్యి పెట్టి బిళ్ళలు తీసి పిలిచేదాన్ని నేను. మా అట్టల్లో ఒకదాంట్లో ఉన్న అంకె ఇంకోదాంట్లో ఉండదు. పంచేటప్పుడే అత్తగారి అట్టలోంచి ఒకటి, ఆడబిడ్డ అట్టలోంచి ఒకటి, పక్కింటి టైలరమ్మ అట్టలోంచి ఒకటి గుర్తుపెట్టుకుని, ఆ మూడు బిళ్ళలూ ఒళ్ళో దాచుకున్నాను. ఇక ఎవరికీ హౌస్ పడదు.

చిన్నది తలనొప్పితో పెరటి గదిలో పడుకుందని, దాని అట్ట నేను చూస్తానని చెప్పాను. ఆ అట్ట నా ముందే ఉంది. దాంట్లోని అంకెకీ ఒక బిళ్ళ దాచాలన్న సంగతే నాకు తట్టలేదు.

నంబరుకీ నంబరుకీ మధ్య కళ్ళజోడు తుడుచుకున్నాను, దగ్గాను. నిద్రలో పిలుస్తున్నట్టుందని ఆడబిడ్డ వెక్కిరించింది. రెండూ నలభైకి ముగ్గురూ ఒక్కో అంకె కోసం చూస్తున్నారు. అప్పుడు యాభై ఒకటి తీసి పిలిచాను. చిన్నదాని అట్టలో మిగిలింది అదొక్కటే. చూడనట్టు ఊరుకున్నాను. టైలరమ్మ జాలిగుండెది, తనే వంగి గుండీ పెట్టింది.

"చూసుకోవేం అమ్మాయ్, చిన్నదానికి ఫుల్ హౌస్."

అత్తగారు నవ్వింది. "వెళ్ళి లేపుకురా. గెలిచానని తెలిస్తే తలనొప్పి అదే పారిపోతుంది."

"సరిచూడకుండా ఎవరూ లేవకూడదని మీరే అన్నారుగా అత్తయ్యా," అన్నాను.

పిలిచిన బిళ్ళలు పేర్చే బోర్డు నా వైపే ఉంది. దాన్ని దగ్గరికి లాక్కుంటూ ఎనిమిదో నంబరు బిళ్ళని చిటికెనవేలితో ఒళ్ళోకి తోసేశాను. ఒక్కో అంకె చదువుతూ ఎనిమిది దగ్గర ఆగాను. అది పిలవలేదు, గుండీ పొరపాటున పెట్టాను అన్నాను.

"పిలిచావు వదినా, నేను విన్నాను," అంది ఆడబిడ్డ.

అత్తగారు బోర్డు వైపు చూసింది. ఆవిడ అట్టలోనూ మిగిలింది ఒక్కటే. "బోర్డు మీద లేనిది పిలవనట్టే. తప్పు హౌస్. చిన్నదాని అట్ట తీసెయ్. ఇక కానివ్వు."

మళ్ళీ పిలిచాను. సంచీలో అయిదారు బిళ్ళలే గలగలమంటున్నాయి. ఒకటి తీసి తిప్పి చూశాను, ఆరో తొమ్మిదో తెలియడం లేదన్నాను. ఇంకొకటి కింద పడేసి వెతికాను. వీధి చివర బస్సు ఆగిన చప్పుడు, మళ్ళీ కదిలిన చప్పుడు వినబడ్డాక ఒళ్ళోంచి బిళ్ళ తీసి, సంచీలోంచి తీసినట్టు, "అరవై ఆరు," అన్నాను.

హౌస్ అత్తగారిదే. సంతోషంగా లేచి, చిన్నదాన్ని లేపడానికి పెరటి గదికి వెళ్ళింది. తిరిగి వచ్చి అరవలేదు. బిళ్ళలన్నీ బల్ల మీద పోయించి వరసగా పేర్చింది.

"ఎనిమిది ఏదీ?"

ఒళ్ళోంచి తీసి పెట్టాను, దాచిన మిగతా రెండూ కూడా.

"రేపట్నించి నంబర్లు నేను పిలుస్తాను. నువ్వు నా ఎదురుగా కూర్చో," అంది.

సాయంత్రానికి పెరటి తలుపుకి మేకులు కొట్టించింది. నేను ఆవిడ ఎదురుగా పదకొండేళ్ళు కూర్చున్నాను.

చిన్న తోటికోడలు ఆ మధ్యాహ్నం మూడింటి బస్సుకి వెళ్ళింది. మళ్ళీ రాలేదు. అప్పటికి ఆమెకి ఇరవై మూడు, నాకు ముప్ఫై రెండు.