విడిపూలు

తడిసిన మల్లెపూల వాసన.

దాని కింద, పులిసిన పాల వాసన.

ఈ రెండూ కలిస్తే ఒక వాసన పుడుతుంది. దస్తగిరమ్మకు అది తెలుసు. అది తెలిసిన ఆడవాళ్లు దాన్ని గురించి ఎవరితోనూ మాట్లాడరు.

ఆమె తొలి బిడ్డ పురిట్లోనే పోయింది. అప్పుడు ఆమె తల్లి తడిగుడ్డలో విడి మల్లెలు పరిచి, రెండు రొమ్ముల మీదా వేసి, వీపు వెనక ముడి బిగించింది. పాలు ఎండిపోవడానికి. తాగే నోరు లేని పాలు… పూలు ఒంటి వేడికి కమిలి, గోధుమరంగుకు తిరిగి, చర్మానికి అంటుకుపోయాయి.

ఆ తర్వాత ఆమె తలలో మల్లెలు పెట్టలేదు. పెళ్లిళ్లలో పక్కన కూర్చున్నామె పెట్టుకుని వస్తే, లేచి ఇంకో మూలకు పోయేది.

ఆ తర్వాతే, అన్నిటికీ భయపడడం నేర్చుకుంది.

ఫ్యాను ఊగితే భయం. వాన వస్తే గోడ పడుతుందని భయం. రెండో కాన్పులో పుట్టిన ఫిర్దోస్ తుమ్మితే భయం. ఆ పిల్ల పెరిగి, సాజిద్‌ను చేసుకుని ఎమ్మిగనూరుకు కాపురానికి పోయాక, ఆదోనిలో బయల్దేరే ప్రతి బస్సూ దస్తగిరమ్మ కడుపులోంచే పోయేది.

భర్త బడే సాబ్ నవ్వేవాడు. దూదేకే మిషను ఆపి మరీ నవ్వేవాడు, మీసాల మీద తెల్లటి నూగుతో. "మీ అమ్మకు ఉగ్గాని బొరుగుల్లో ఎండుమిరపకాయ కనపడినా తేలే" అనేవాడు కూతురితో.

ఆమె భయపడేది. ఏమీ అయ్యేది కాదు. అందరూ నవ్వేవారు.

ఏమీ అయ్యేది కాదు… అట్లా అట్లా, ఆమె మాటకు విలువ పోయింది.

ఫిర్దోస్ తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చింది. ఆడపిల్ల. పత్తికాయ పగిలినట్టు పాలు వచ్చాయి. ఇల్లంతా దూది, ఇల్లంతా పాలవాసన. ఇంత తెలుపు ఒక్క ఇంట్లో ఉంటే ఎవరి కన్నైనా పడుతుందని, దస్తగిరమ్మ గుమ్మానికి నిమ్మకాయ కట్టింది. నలభై రోజుల చిల్లా నిండేదాకా బాలింతను గడప దాటనివ్వలేదు.

ఆ చిల్లాలోనే ఒక మధ్యాహ్నం, పాప పాలు తాగుతూ నిద్రపోతే, ఫిర్దోస్ తల్లి చెయ్యి పట్టుకుని తన కుడి రొమ్ము పక్కన పెట్టింది.

"మా, ఈడ సూడు. గట్టిగా ఉంది."

రేగుకాయంత. చంకకు దగ్గరగా. నొప్పి లేదు.

పరుపులు కుట్టే చేతులు అవి. దూదిలో ఉండ తగిలితే వేళ్లు వాటంతట అవే ఆగుతాయి. రెండు వేళ్లతో పట్టి, అటొకటి ఇటొకటి లాగితే ఎంత గట్టి ఉండైనా విచ్చుకుంటుంది. దస్తగిరమ్మకు తెలిసిన పని అదే. ఆ పనే చేసింది. దూదిని పెనం మీద వెచ్చచేసి కాపడం పెట్టింది. నూనె రాసి, వేళ్లతో పట్టి, లాగి, రుద్ది… దూదిని విడదీసినట్టే కూతుర్ని విడదీసింది.

ఉండ విచ్చుకోలేదు.

పాలగడ్డ అన్నారు వీధిలో ఆడవాళ్లు. పాలగడ్డే అంది ఫోన్లో ఎమ్మిగనూరు వియ్యపురాలు. వదినకు ఊరికే గుండె గుభేలుమంటుందని, కోడలికి ఆ భయం అంటించొద్దని కూడా అంది.

చిల్లా నిండింది. పాపకు సూదిమందు వేయించాలని ఆసుపత్రికి పోయారు.

"పాప బాగుందా?" అంది నర్సమ్మ.

పాపను తూచారు. పాప కళ్లు చూశారు, బొడ్డు చూశారు, తొడకు సూది వేశారు. పాప ఏడ్చింది. అందరూ పాపను ముద్దు చేశారు.

దస్తగిరమ్మ ముందుకు జరిగి, బిడ్డకు బాగాలేదమ్మా అంది. నర్సమ్మ మళ్లీ పాప వైపే చూసింది. బంగారంలా ఉంది గదా, దీనికేమి రోగం అంది.

"ఈ బిడ్డ కాదమ్మా" అంది దస్తగిరమ్మ. "నా బిడ్డ."

డాక్టరమ్మ టేబులు అవతలి నుంచే చూసింది. బుర్ఖా మీదనే చూసింది. చెయ్యి పెట్టలేదు. పాలగడ్డే, బాగా తాగిస్తే కరుగుతుందని చెప్పింది. బయట వరండా నిండా జనం. ఆలూరు నుంచి వచ్చినవాళ్లు, మద్దికెర నుంచి వచ్చినవాళ్లు, అందరి ఒళ్లోనూ ఒక బిడ్డ. గోడ మీద పటంలో ఒక తల్లి పాలిస్తోంది. పటం మెడ దగ్గరే ఆగిపోయింది. ఒక రొమ్ము, ఒక చెయ్యి, నిండుగా నవ్వుతున్న బిడ్డ.

తల్లికి తల లేదు.

ఇంకో నెల గడిచాక మళ్లీ పోయారు. పాప బాగుందా అన్నారు. పాప బాగుంది. గడ్డ అట్లే ఉందమ్మా అంటే, పాలిచ్చేటప్పుడు స్కాను తీసినా ఏమీ తెలియదు, పాలు మాన్పించినాక రండి అన్నారు. పాలు మాన్పించేది ఎప్పుడు? ఏడాది దాటినాక. రెండేళ్లయినా ఇయ్యొచ్చు, బిడ్డకు మంచిది.

బిడ్డకు మంచిది.

ఆ వారమే పత్తి వ్యాపారి ఇంట్లో కోడలు శిరీష బిడ్డకు ఉయ్యాల పరుపు కుట్టి, దస్తగిరమ్మ తానే మోసుకుని పోయింది. మెత్తటి దూది, ఒక్క గింజ లేకుండా ఏరిన దూది. ఆ ఇంటి అత్తగారు కాఫీ ఇచ్చి, మాటల్లో చెప్పింది. శిరీషకూ రొమ్ములో గడ్డ వచ్చిందట. తెలిసిన మర్నాడే కారులో హైదరాబాదు తీసుకుపోయారట. పాలిస్తూ ఉండగానే స్కాను తీశారట, సూది పెట్టి చూశారట.

"ఉత్త పాలే అంట దస్తగిరమ్మా. ఊరికే భయపడిపోతిమి."

దస్తగిరమ్మకు కాఫీ తియ్యగా దిగింది. దారంతా గాలి చల్లగా తగిలింది. ఇంట్లో అడుగు పెడుతూనే కూతురికి చెప్పింది… శిరీషమ్మదీ గట్టిదే అంట, ఆమెదీ ఆడనే అంట, హైదరాబాదులో సూసినారంట, ఉత్త పాలంట.

వాళ్ల కోడలికి చేసిన పరీక్షతో, తన బిడ్డ మీద దిగులు తీర్చుకుంది.

భయం నేర్చుకున్నాక, ఆ ఒక్కసారే ఆమె భయపడకూడదు అనుకుంది.

ఆ ఒక్కసారే.

రోజూ కాపడం. రోజూ నూనె. రోజూ వేళ్లు గడ్డ మీద ఆగేవి, ఆమె వాటిని కదిలించేది. "ఈ పొద్దు కొంచెం మెత్తబడింది" అనేది. ఫిర్దోస్ అవును మా అనేది. మిషను దగ్గర బడే సాబ్, మీ అమ్మే భయం లేదంటే ఇంకేమి కావాలని నవ్వేవాడు. వేళ్లు కూడా అబద్ధం చెప్పడం నేర్చుకున్నాయి.

ఎండలు ముదిరాయి. పత్తి మార్కెట్టు ఖాళీ అయింది. ఉక్కకు దూది నూగు చెమట మీద అంటుకుని, ఇంటిల్లిపాదీ నెరిసిపోయినట్టు కనిపించేవారు. రేగుకాయ నిమ్మకాయంత అయింది. పైచర్మం నారింజ తొక్కలా గుంటలు పడింది.

పాప కుడివైపు తాగడం మానేసింది. నోరు పెట్టి, మొహం తిప్పుకుని, ఏడ్చేది.

మళ్లీ ఆసుపత్రి.

పాపను తూచారు. ముల్లు పోయినసారి చోటనే నిలబడింది.

అప్పుడు… డాక్టరమ్మ కుర్చీలోంచి లేచింది. పాప బరువు ఎందుకు పెరగలేదని అడిగింది. ఎందుకు తాగడం లేదని అడిగింది. ఎటువైపు తాగడం లేదని అడిగింది. అప్పుడు చూసింది. అప్పుడు చెయ్యి పెట్టింది. చెయ్యి పెట్టి, తీయలేదు.

కర్నూలుకు పంపారు. సూది పెట్టి చూశారు. పాలు కాదన్నారు.

చంకలోకీ పోయింది అన్నారు. ముందే వచ్చుంటే బాగుండేది అన్నారు. ముందే అన్న మాటకు ఫిర్దోస్ నవ్వింది. గట్టిగా కాదు… ముక్కుతో. ఆ నవ్వు దస్తగిరమ్మ చెవిలో ఇంకా ఉంది. వచ్చే సోమవారం మందు ఎక్కించాలి, అది ఎక్కాక పాలు విషం, ఈలోపే పాలు ఆగిపోవాలి అన్నారు. రెండు వైపులా. మాత్రలు ఇచ్చారు.

మాత్రల పని మాత్రలు చేస్తాయి. కానీ పాలు మాట వినవు. పక్క గదిలో డబ్బాపాలు తాగక పాప ఏడిస్తే, ఫిర్దోస్ నైటీ ముందంతా తడిసిపోతుంది. మంచి రొమ్ము. జబ్బు రొమ్ము. రెండూ ఏడుస్తాయి.

"మా, నీకు కట్టినారంటివే… ఆ పూలు తెచ్చి కట్టు" అంది ఫిర్దోస్.

దస్తగిరమ్మ చెవులు మూసుకుంది. బిడ్డ బతికుండగా తల్లికి ఆ పూలు కట్టరు. అది బిడ్డ పోయినవాళ్ల పని. ఆ మాట నోటితో అనకూడదు, ఆ పూలు గడప లోపలికి తేకూడదు. పాపకు ఏమన్నా అయితే…

"పాపకు గాదు మా" అంది ఫిర్దోస్. "నాకు."

పూలబజారు. చాలా ఏళ్ల తర్వాత మల్లెల ముందు నిలబడింది. మహాదేవి అనే ఆమె అక్కడ తడి గోనెపట్టా మీద పూలు పోసుకుని కూర్చుని మూర కొలుస్తోంది.

మాల వద్దు, విడిపూలు కావాలంది దస్తగిరమ్మ.

"దర్గాకా అక్కా?"

కాదన్నట్టు తల ఊపింది.

మహాదేవి చేతిలో దారం ఆగింది. పూలమ్మేవాళ్లకు తెలుసు. ఇంకేమీ అడగకుండా కొత్త మొగ్గలు ఏరింది, వాడినవి పక్కకు నెట్టింది, తడి అరిటాకులో పోసింది. చాచిన డబ్బుల చేతిని వెనక్కి తోసింది. ఈ పూలకు ఎవరూ తీసుకోరు.

గొంతు తగ్గించి అడిగింది.

"తల్లి ఎట్లుంది అక్కా?"

బజారు ఆగిపోయింది. ఆటోలు ఆగిపోయాయి.

ఇన్ని నెలల్లో… ఇన్ని గుమ్మాల్లో… ఎవరూ అడగని మాట. బిడ్డ లేదనుకుంటేనే, తల్లి గుర్తొచ్చింది.

పాప బతికే ఉంది తల్లీ అనాలి. వెంటనే అనాలి. అనకపోతే చెడు. నిమ్మకాయలు కట్టిన మనిషి, తుమ్ముకు ఆగిన మనిషి, ఎట్లా ఊరుకుంటుంది? నోరు తెరిచింది.

పాప ఉంది అంటే, ఈమె కూడా అడుగుతుంది. పాప బాగుందా, అని.

"బాగలేదు" అంది దస్తగిరమ్మ. "నా బిడ్డ ఏం బాగలేదమ్మా."

"అన్నం తింటాందా?"

"రెండు ముద్దలు."

"జరమేమన్నా వస్తాందా? నొప్పి ఉందంటాందా? గట్టిగా కట్టొద్దు అక్కా, ఊపిరాడదు. ఒక్కదాన్నే పండుకోనియ్యొద్దు. నువ్వు పక్కన ఉండు."

ఉంటాను అంది. ఉంటాను, ఉంటాను అంది. ఒక్కొక్క ప్రశ్నకూ జవాబు చెప్పింది. ఎండలో నిలబడి, అరిటాకు పొట్లం గుండెకు అదుముకుని, మనవరాలు ఈ లోకంలో లేనట్టు, దాహం తీరినట్టు… చెప్పింది. ఆ కాసేపు ఆమెకు ఏ భయమూ గుర్తురాలేదు.

ఇంటికి వచ్చింది. తడిగుడ్డలో మల్లెలు పరిచింది. ఎడమవైపు వేసింది. కుడివైపు వేసేటప్పుడు వేళ్లు ఆగాయి, వాటిని ఆగనిచ్చింది. వీపు వెనక ముడి వదులుగా వేసింది.

పక్క గదిలో పాప ఏడుస్తోంది. మిషను ఆపి బడే సాబ్ ఎత్తుకున్నట్టున్నాడు. అతను నవ్వడం లేదు.

"బిగించు మా" అంది ఫిర్దోస్.

దస్తగిరమ్మ బిగించలేదు. ముడి మీద చెయ్యి ఉంచి, పక్కనే పడుకుంది.

పొద్దు వాలేసరికి పూలు కమిలి, గోధుమరంగుకు తిరిగాయి.

తడిసిన మల్లెపూల వాసన. దాని కింద, పులిసిన పాల వాసన.

దాని కింద… విచ్చుకోకుండా, ఆ ఉండ…