ఖాళీ వదలని ఫారం

ఫారం ఏదైనా ఒక్క గడి కూడా ఖాళీ వదలకూడదని మా హాస్టల్ పిల్లలకు చిన్నప్పుడే తలకెక్కింది. ఒక ఏడాది స్కాలర్‌షిప్ ఫారంలో ఇంటి నంబరు రాయలేదని నా దరఖాస్తు తిప్పి పంపారు. తండాలో ఇళ్లకు నంబర్లుండవని చెబితే వినేదెవరు? ఆ ఏడాదంతా అక్క పాత చెప్పులతోనే బడికి పోయాను. అప్పటి నుంచి గడి కనిపిస్తే చాలు, నింపేసేదాన్ని.

1999లో నేను సూర్యాపేటలో లాజరు సార్ నడిపే కంప్యూటర్ సెంటర్‌లో పాఠాలు చెప్పేదాన్ని. అందరూ గౌరీ మేడం అనేవాళ్లు. ఊళ్లోకి నెట్ కొత్తగా వచ్చింది. ఉచితంగా సొంత పేజీ పెట్టుకోవచ్చని తెలిసి మూడు రోజులు సరిగ్గా అన్నం కూడా తినలేదు. గడులు వాళ్లే ఇచ్చారు: నీ ఇష్టాలు, నీకు నచ్చిన సైట్లు, నీ మిత్రులు. ఇష్టాల్లో అద్దాల కుట్టుపని, చదరంగం, ప్రోగ్రాములు రాయడం అని పెట్టాను. సైట్లలో ప్రోగ్రామింగ్ పాఠాలు ఊరికే చెప్పే ఒక మాస్టారి పేజీ, చదరంగం పేజీ, తెలుగు అక్షరాలు కనిపించే ఒక పత్రిక. మిత్రుల దగ్గర పేరు, చిరునామా, ఫోన్ అని మూడు గడులున్నాయి. మూడూ నింపాను. ఆండాలు, పౌలు. కోదాడ బస్టాండు వెనక సందు. వాళ్లకు ఫోన్ లేదు కనుక, పక్కనే ఉండి కేకేసి పిలిచే ముత్తమ్మ కిరాణా కొట్టు నంబరు.

ఆండాలు, నేను హాస్టల్లో మూడేళ్లు ఒకే పెట్టె, ఒకే తాళం వాడుకున్నాం. ఆమె పౌలును పెళ్లి చేసుకుందని వాళ్ల అన్న లింగయ్య "ఇద్దర్నీ నరికి సాగర్ కాలువల పారేస్త" అని కన్నతల్లి ముందే ఒట్టు పెట్టాడు. ఏడు నెలలుగా వెతుకుతున్నాడు. ఇదంతా నాకు తెలుసు. తెలిసీ రాశాను. నా పేజీని ప్రపంచమంతా చూడొచ్చని గొప్పలు చెప్పుకున్నానే గాని, ఆ ప్రపంచంలో లింగయ్య ఉండే మిర్యాలగూడ కూడా ఉందని నా మట్టిబుర్రకు తట్టలేదు.

నిజానికి చూసేదెవరు? ఎన్నిసార్లు తెరిచారో చూపించే అంకె ఒకటి పేజీ నెత్తిన ఉండేది. ఆ రోజు పొద్దున అది అరవై ఒకటి. అరవై ఒక్కసార్లూ నేనే.

ఎంసెట్ ర్యాంకులు వచ్చిన రోజు అది. సెంటర్ నిండా జనం. పదకొండు గంటలకు లింగయ్య లోపలికి వచ్చాడు. నేను చూడగానే గుర్తుపట్టాను, హాస్టల్‌కు పచ్చడి సీసాలు తెచ్చేవాడు. ఆయన నన్ను గుర్తుపట్టలేదు. తండా పిల్లల మొఖాలు చూసే అలవాటు ఆయనకు లేదు. మిర్యాలగూడ నుంచి మిల్లు పని మీద వచ్చాడట. తమ్ముడి ర్యాంకు చూపించాం. మంచి ర్యాంకే. ఇక వెళ్లిపోతాడు, బతికిపోయాను అనుకున్నాను.

లాజరు సార్‌కు పాపం ఏమీ తెలియదు. ఆయన మంచితనమే కొంప ముంచింది.

"జర ఆగుండ్రి లింగయ్యగారూ. మా గౌరీ మేడం పేజీ సూపిస్త. సూర్యాపేటల గిసుంటిది ఇంకెవ్వరికీ లేదు," అంటూ మౌసు అందుకున్నాడు.

"వద్దు సార్. అది ఇంకా పూర్తి కాలే," అన్నాను.

"సిగ్గువడుతున్నవా? సూడనియ్యి."

ఆ రోజుల్లో పేజీ ఒక్కసారిగా వచ్చేది కాదు. పైనుంచి కిందికి కొంచెం కొంచెంగా దిగేది. ముందు నా పేరు వచ్చింది. తర్వాత అద్దాల కుట్టు బొమ్మ, సగం. లింగయ్య కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. నా ఇష్టాలు వచ్చాయి. సైట్లు వచ్చాయి. బల్ల పట్టుకుని నిలబడ్డాను. ఆగిపో తల్లీ, ఆగిపో అని ఆ డబ్బాకు మొక్కుకున్నాను. ఎప్పుడూ సగంలో తెగిపోయే లైను ఆ రోజు నున్నటి రోడ్డు మీద బస్సులా సాగిపోతోంది.

'మిత్రులు' అన్న మాట వచ్చింది. దాని కింద ఆండాలు పేరు.

"గీ ఆండాలు ఎవరు?" అన్నాడు లింగయ్య. గొంతు పెంచలేదు.

"మా క్లాస్‌మేట్ సార్. వరంగల్ పిల్ల," అంటూ బల్ల కింద కాలితో ఫోన్ వైరు లాగేశాను. పేజీ అక్కడే ఆగిపోయింది.

"అరె, లైన్ కట్టయింది," అని సార్ నొచ్చుకున్నాడు. అంతటితో ఊరుకుంటే బాగుండు. ర్యాంకు కాగితం వెనక పేజీ అడ్రసు రాసి మరీ చేతిలో పెట్టాడు. "మీ మిల్లు ఆఫీసుల నెట్ ఉన్నదంటిరి గదా. గాడ నిమ్మళంగ సూడుండ్రి."

లింగయ్య ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు. వెళ్తూ వెళ్తూ మొదటిసారి నా మొఖం చూశాడు.

ఎదురుగానే ఎస్టీడీ బూత్ ఉంది. పరుగెత్తి కోదాడకు ఫోన్ చేయాల్సింది. చేయలేదు. చేస్తే, మీ చిరునామా లోకానికి చెప్పింది నేనేనని ఒప్పుకోవాలి. దానికంటే పేజీ చెరిపేయడం తేలికనిపించింది. మిర్యాలగూడకు జీపులో పోయినా గంట పైనే పడుతుంది. ఆలోపు చెరిపేస్తే ఎవరికీ ఏమీ తెలియదు కదా!

వైరు తగిలించి కలిపాను. ఎంగేజ్. మళ్లీ కలిపాను. ఎంగేజ్. ర్యాంకుల కోసం జిల్లా మొత్తం అదే నంబరుకు కొట్టుకుంటోంది. పన్నెండయింది, పన్నెండున్నరయింది. "మేడం, మా పిల్లది జర సూడుండ్రి" అని బతిమాలుతున్న ఒక పెద్దాయన మీద గట్టిగా అరిచాను. ఒంటిగంట దాటాక లైను కలిసింది.

ముందు అంకె చూశాను. పొద్దున అరవై ఒకటి. సార్ తెరిచినప్పుడు అరవై రెండు. ఇప్పుడు నేను తెరిస్తే అరవై మూడు కావాలి. అరవై నాలుగు ఉంది.

నా పేజీని ఒక్కరైనా చూస్తే బాగుండునని నెలల తరబడి కోరుకున్నాను. ఆ ఒక్కరు చూశారు. పేజీ చెరిపేసి బూత్‌కు పరుగెత్తాను.

ముత్తమ్మ ఎత్తింది. "ఆండాలా? ఇందాకే ఎవరో మగాయన కూడా అడిగారమ్మా. ఉందండీ, పిలవమంటారా అంటే పెట్టేశారు."

"ఎంతసేపయింది?"

"పావుగంట కూడా కాలేదు."

ఆండాలు రావడానికి మూడు నిమిషాలు పట్టింది. ఆమెకు ఐదో నెల, పరుగెత్తలేదు. అంతా చెప్పాను. పేజీ, లింగయ్య, కాగితం, నేను ఫోన్ చేయకుండా కూర్చున్న రెండు గంటలు.

"రెండు గంటలా?" అంది.

"తప్పయింది ఆండాలూ. ఇప్పుడే ఎల్లిపోండ్రి. వాడు కోదాడకు రావడానికి గంటన్నర పడతది. సామాన్లు గిట్ల ఏం సూడకుండ్రి."

"పౌలు పక్కనే ఉన్నడు. పోతం."

"యాడికి పోతరే? పైసలున్నయా? నేను గూడ వస్త..."

"గౌరీ," అంది. ఏడవడం లేదు. "నీకు చెప్పనే."

చెప్పకు, నాకు అసలే చెప్పకు అన్నాను. అప్పటికే ఆమె ఫోన్ పెట్టేసింది.