అంచు లోపలి పసుపు

విశ్వకర్మ పూజ నాడు రాయపూర్ పక్కనున్న ఉర్లా ఫ్యాక్టరీల పేటలో ఏ షెడ్డులోనూ మిషను తిరగదు. లేతులు తుడిచి దండలు వేస్తారు. వెల్డింగ్ సెట్టు ముందు కొబ్బరికాయ కొట్టి, ఈ ఏడు ఎవరి వేలూ తెగకుండా, ఎవరి కన్నూ కాలకుండా చూడమని దండం పెట్టుకుంటారు. ఫోర్‌మన్ సూరిబాబు పనిచేసే షెడ్డులో ఇరవై ఆరేళ్లుగా ఆ పూజ ఆయన చేతి మీదుగానే జరుగుతోంది. తన చేతిలో తయారైన సరుకేదీ బొట్టు లేకుండా గేటు దాటలేదని ఆయన గొప్పగా చెప్పుకునేవాడు.

కోవిడ్ సద్దుమణిగిన మరుసటి ఏడు గేటు దాటాల్సిన సరుకు మామూలుది కాదు. పన్నెండు స్టీలు గొట్టాలు. ఆ ఆర్డరు తెచ్చింది ఆయన మేనకోడలు నీలిమ. ఇదే ఊళ్లో గుఢియారీ పేటలో రైలు పట్టాల పక్కన పెరిగిన పిల్ల, ఇప్పుడు గోవాలో సముద్రం మీద పరిశోధన చేస్తోంది. దక్షిణ ధ్రువం వైపు మంచు సముద్రంలో ఓడ మీంచి ఈ గొట్టాలను తాడుతో దింపుతారు. అవి అడుగున బురదలో దిగబడి, పొరలు చెదరకుండా దాన్ని పైకి తెస్తాయి.

గొట్టాలు తయారయ్యాక నీలిమే వచ్చింది. చేతులకు తొడుగులు వేసుకుని వాటి లోపల యాసిడ్‌తో కడిగింది. ఒక్కోదాన్నీ ప్లాస్టిక్ సంచిలో పెట్టి, షెడ్డులో ఉన్న మిషనుతో సీలు వేసి, ఆరేసి చొప్పున రెండు చెక్కపెట్టెల్లో సర్దింది.

"మావయ్యా, ఇంక వీటి లోపల ఎవరూ చెయ్యి పెట్టకూడదు. ఒట్టి వేలు కూడా తగలకూడదు. ఎల్లుండి పూజ కదా, బొట్టు పెట్టాలంటే పెట్టె మీద పెట్టు. ఠీకే?"

"నాకు చెప్తావేటే? నానేటి కొత్తోడినా?" అన్నాడు సూరిబాబు నవ్వుతూ.

పూజనాడు పెట్టెలకు బొట్టు పెట్టాడు. అయినా మనసు ఊరుకోలేదు. లోకం చివరికి వెళ్లే వస్తువులు, ఎండ చొరని చోటికి దిగే వస్తువులు. చెక్కకు పెడితే ఇనుముకు ముడుతుందా అనిపించింది. రెండో పెట్టెకు అప్పటికే మేకులు దిగ్గొట్టేశారు. మొదటి పెట్టె మూత మాత్రం ఇంకా ఊరికే మూసి ఉంది. అందరూ ప్రసాదం దగ్గర ఉన్న వేళ చూసి, ఆరు సంచులూ కోసి, నువ్వులనూనెలో కలిపిన పసుపును ప్రతి గొట్టం లోపలా అంచు కింది గాడిలో వేలితో రాశాడు. పైకి కనపడకుండా రాశాడు. దేవుడికి కనపడితే చాలనుకున్నాడు. తర్వాత మళ్లీ అదే మిషనుతో సీలు వేసేశాడు.

ఆ సంగతి ఆయన మరిచిపోలేదు గానీ, బరువుగానూ మోయలేదు. ఓడ క్షేమంగా తిరిగొచ్చిందని తెలిసిన రోజు మాత్రం దేవుడి పటం ముందు ఇంకో దీపం ఎక్కువ పెట్టాడు.

మరుసటి శ్రావణంలో నీలిమ నాలుగు రోజులు సెలవు మీద రాయపూర్ వచ్చింది. శుక్రవారం మధ్యాహ్నం పేరంటానికని మేనమామ ఇంటికి వచ్చి, ల్యాప్‌టాప్ తెరిచి సూరిబాబు భార్య సరోజినికి ఫోటోలు చూపించసాగింది. పక్కింటి రాజశ్రీ కూడా శనగల పొట్లం చేత్తో పట్టుకుని అక్కడే నిలబడిపోయింది.

"అత్తా, ఈ గాజు కూజాలా ఉంది చూడు, ఇది జంతువే. స్పంజి. వందల ఏళ్లు బతికేవీ ఉంటాయట."

"ఓలమ్మో! ఆ చలిలో దానికి కూడెవులెడతారే?"

"పైన మంచు దగ్గర నాచు పెరుగుతుంది. ఎండాకాలం వచ్చాక అది రాలి కింద పడుతుంది. అదే వీటికి తిండి. ఏడాదికోసారి పెళ్లిభోజనం, మిగతా నెలలు దాదాపు పస్తులే."

"ఇప్పుడా మంచే తగ్గిపోతంది అంటన్నారు కదా టీవీలో?" అంది రాజశ్రీ.

"దాని కోసమే వెళ్లాం ఆంటీ. మంచు తగ్గితే కింద వీటికి తిండి పెరుగుతుందా, తరుగుతుందా? మంచుకొండలు విరిగి కొట్టుకొచ్చి అడుగును దున్నేస్తున్నాయి. కరిగిన నీళ్లతో వచ్చే మట్టి పడి స్పంజీలకు ఊపిరాడటం లేదు. ఇవి పారిపోలేవు కదా. పుట్టిన చోటే ఉండాలి."

సూరిబాబు మంచం మీద కూర్చుని వింటున్నాడు.

"మరేటి తేలింది?" అన్నాడు.

"అంతా మీ గొట్టాల పుణ్యమే మావయ్యా. మంచు వెనక్కి పోయిన చోట ఆరు దింపాం, మంచు ఇంకా ఉన్న చోట ఆరు. పోయిన చోట బురదలో నాచు రంగు ఇంచుమించు రెండింతలు వచ్చింది. అంటే తిండి పెరిగినట్టే. సోమవారం మా గైడు హేమంత్ సార్ దీని మీద రాసిన పేపరు జర్నలుకు పంపేస్తారు."

"మా ఆయన చేసిన గొట్టాలే వదినా," అని సరోజిని రాజశ్రీ వైపు తిరిగి మురిసిపోయింది.

"మంచు పోయిన చోట ఏ పెట్టెలోవి దింపేరు?" అని అడిగాడు సూరిబాబు.

"మొదటి పెట్టెవి. ఎందుకు?"

"ఊరికే."

రాజశ్రీ తాంబూలం తీసుకుని వెళ్లిపోయింది. సరోజిని పసుపు గిన్నె తెచ్చి నీలిమ కాళ్ల దగ్గర కూర్చుంది.

"చేతులకొద్దత్తా, కాళ్లకు చాలు. పసుపు చేతులతో ల్యాబుకెళితే సార్ తరిమేస్తారు. ఈ రంగు కూడా రంగు కొలిచే మా మిషనుకు నాచు రంగులాగే కనపడుతుంది. అసలే ఆ మొదటి పెట్టె ఆరింటి బురదలోంచి తీసిన ద్రవం కాస్త పసుప్పచ్చగా వచ్చింది. నాచుకు బంగారు ఛాయ ఉంటుందిలే అని సార్ ఊరుకున్నారు."

సూరిబాబు తన వేలి వైపు చూసుకున్నాడు. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. గొట్టాలు కడిగేసి ఉంటారు. పేపరు అచ్చవుతుంది, పిల్లకు పేరొస్తుంది, పక్కింటివాళ్లు ఇంకో ఏడాది చెప్పుకుంటారు. కానీ అక్కడ, ఆ చీకట్లో, కదలలేని జీవాలు పస్తులున్నా సరే, కడుపునిండా తింటున్నాయని ఈ పిల్ల లోకానికి చెబుతుంది. తన వేలు ఆమె చేత చెప్పించే మాట అది.

"నీలిమా, ఆ పేపరు పంపించొద్దమ్మా."

"ఏం మావయ్యా?"

"నాను పసుపు రాసేను. పూజనాడు. మొదటి పెట్టెలో ఆరింటికీ."

నీలిమ నవ్వింది. "మజాక్ చేస్తున్నావా? పెట్టెకి కదా రాసింది?"

"గొట్టాలకే. లోపల. అంచు కింద గాడిలో. నూనెలో కలిపి రాసేను."

ఆమె నవ్వు ఆగింది. "సీలు ఉంది కదా. నేను చూసుకునే విప్పాను."

"కోసి, మళ్లీ నానే వేసేను."

సరోజిని పసుపు చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. "దేవుడి పసుపేనమ్మా," అంది మెల్లగా. "విషమేటి కాదు కదా."

"అత్తా, నువ్వు ఊరుకో!" నీలిమ లేచి నిలబడింది. కాళ్ల పసుపు గచ్చు మీద అంటుకుంది. "ఆ చలిలో రెండు నెలలు ఉన్నాం. ఆ బురద మళ్లీ దొరకదు. వచ్చే ఏడు ఓడలో నాకు చోటిస్తారో లేదో తెలీదు. చెప్పాను కదా మావయ్యా. వేలు కూడా తగలకూడదని నోటితో చెప్పాను కదా."

సూరిబాబు తల ఎత్తలేదు. "చెప్పేవు," అన్నాడు.

ఆమె వరండాలోకి వెళ్లి హేమంత్ సార్‌కు ఫోన్ చేసింది. లోపలికి మాటలు వినపడలేదు. "సారీ సార్" అన్నది మాత్రం మూడుసార్లు వినిపించింది. తన తప్పుకు ఆ పిల్ల క్షమాపణ చెబుతోంది. సూరిబాబుకు భూమిలోకి కుంగిపోతే బాగుండుననిపించింది. భక్తితోనే చేశాడు కదా, దాంట్లో అబద్ధం లేదు. మరి భక్తయితే దాచడం ఎందుకు? దేవుడు తన వేలు చూశాడు సరే, సంచిని కోసిన బ్లేడును చూడలేదా?

నీలిమ తిరిగొచ్చి ల్యాప్‌టాప్ ముందు కూర్చుంది. "పేపరు ఆపేశారు. జరిగింది నీ మాటల్లో రాసి పంపమన్నారు. ఏ పసుపు?"

"బజారుది. ప్యాకెట్టు."

"ఎంత?"

"ఒక్కోదానికి కందిగింజంత."

అడిగిన ప్రతిదానికీ ఆయన పోలీసు ఠాణాలో కూర్చున్నవాడిలా జవాబు చెప్పాడు. ఆమె టైపు చేస్తూ ఒకచోట ఆగింది. కోపం కొంచెం తగ్గినట్టుంది.

"కారణం ఏం రాయను? మతాచారం ప్రకారం అని రాస్తాను. అప్పుడెవరూ నిన్నేమీ అనరు."

సూరిబాబు ఆ మాట పట్టుకుందామనుకున్నాడు. పట్టుకుంటే మర్యాద నిలిచేది.

"వద్దమ్మా. ఆచారమైతే పెట్టె మీది బొట్టుతో సరిపోయేది. వద్దన్నారని తెలిసే, కనపడకుండా రాసి, సీలు వేసీసేడని రాయి."

ఆమె అలాగే రాసింది.

"రెండో పెట్టెలో ఆరూ ముట్టలేదు కదా?"

"లేదు."

"నమ్మొచ్చా మావయ్యా?"

ఆ ప్రశ్న ఆయనను ఇంతవరకు ఎవరూ అడగలేదు. షెడ్డులోనూ, ఇంట్లోనూ.

"దేవుడి మీద ఒట్టేసి చెప్పండి, అయిపోద్ది," అంది సరోజిని.

పటం నాలుగడుగుల దూరంలో ఉంది. దీపం వెలుగుతూనే ఉంది. సూరిబాబు అటు చూశాడు గానీ, చెయ్యి చాచలేకపోయాడు.

"ముట్టలేదమ్మా," అన్నాడు. "కానీ నా మాట మీద రాయకు. వాటినీ పరీక్ష చేయించు."