లెక్క తప్పిన గంటలు

గంగాధర్‌కు గడియారం టిక్కుటిక్కుమంటుంటేనే ఇల్లు ఇల్లులా ఉండేది. కడప నుంచి వచ్చి తార్నాకలో అద్దెకు దిగిన రోజు, బియ్యం డబ్బా కూడా దించకముందే గోడకు మేకు కొట్టి లోలకం గడియారం తగిలించాడు మహానుభావుడు! మంచం పక్కన ఇంకో టైంపీసు. "మా సరోజమ్మకూ ఈ చప్పుడు లేకుంటే నిద్ర పట్టదప్పా" అని వచ్చినవాళ్ళతో గొప్పలు పోయేవాడు. భార్య నవ్వి ఊరుకునేది.

ఏడాదిగా గోడగడియారానికి ఏం పుట్టిందో, ముల్లు సరిగ్గానే ఉండేది, గంటలే లెక్క తప్పేవి. ఒకరోజు ఐదింటికి మూడు, ఇంకోరోజు ఆరింటికి పదకొండు. యూనివర్సిటీ ఆఫీసులో పక్కబల్ల రాజన్నకు గడియారాలు విప్పడం సరదా. పదేళ్ళుగా ఇద్దరిదీ ఒకే కంచం, ఒకే మాట. ఆదివారం అడిక్‌మెట్ నుంచి వచ్చి బాగుచేసి వెళ్ళేవాడు. సోమవారం సాయంత్రానికి మళ్ళీ మొదటికే.

నాలుగోసారి గంగాధర్ నోరు పారేసుకున్నాడు. "చేతగాకపోతే చెప్పాల! నా గడియారాన్ని నాశనం చేస్తివి గదప్పా. ఇంగ నా గడప తొక్కొద్దు!"

వంటింటి గుమ్మంలో సరోజమ్మ కాఫీ గ్లాసుతో నిలబడే ఉంది. రాజన్న ఆ కాఫీ తాగకుండానే వెళ్ళిపోయాడు. అవి పంతొమ్మిదివందల అరవై తొమ్మిది తెలంగాణా గొడవల రోజులు. ఇద్దరూ ఎడమొహం పెడమొహం అయితే ఆఫీసంతా ఇది ఆంధ్రా, తెలంగాణా తగవనుకుంది. కాదు బాబూ, గడియారం తగవు!

ఒక మధ్యాహ్నం విద్యార్థులు ఆఫీసులు ఖాళీ చేయించారు. గంగాధర్ నడుచుకుంటూ ఇల్లు చేరాడు. లోపల చిన్న చప్పుడైనా లేదు. లోలకం కదలకుండా వేలాడుతోంది. వెతికితే టైంపీసు చప్పుడు వినబడకుండా బియ్యం డబ్బాలో పూడ్చి ఉంది. చాపమీద సరోజమ్మ హాయిగా నిద్రపోతోంది. అంత ప్రశాంతమైన ముఖం అతను పెళ్ళైనప్పటి నుంచీ చూడలేదు.

"ఎన్నాళ్ళ నుంచి?" అన్నాడు లేపి.

"ఈ ఇంటికి గడియారం వచ్చినప్పటి నుంచీ తలనొప్పేనండీ. ఏడాదిగా మీరు ఆఫీసుకు పోతానే ఆపేస్తా, వచ్చేలోపల ముల్లు తిప్పి ఆడిస్తా."

గంటగంటకూ ఆగి కొట్టనీయకుండా గబగబా ముల్లు తిప్పితే గంటలు లెక్క తప్పక ఏమవుతాయి? గంగాధర్‌కు ఒళ్ళు మండింది. "నాతో ఒక్క మాట చెప్పకూడదా? ఆ పొద్దు నేను రాజన్నను తిడతావుంటే ఈడే ఉండావు గదా!"

సరోజమ్మ బియ్యం డబ్బాలోంచి టైంపీసు తీసి కొంగుతో తుడవసాగింది.

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటే ఇదే. కనీసం పోయిన స్నేహాన్నైనా తెచ్చుకుందామని, మండుటెండలో అడిక్‌మెట్ దాకా నడిచాడు. రాజన్న అరుగుమీద కూర్చుని ఉన్నాడు.

"తప్పు నాదే రాజన్నా. నీ పనిలో లోపం లేదు. మా సరోజమ్మే..."

"నాకెరుకనే అన్నా," అన్నాడు రాజన్న మెల్లగా. "మొదటిసారి ఇప్పినప్పుడే ఎరుకైంది. నీకు చెప్పొద్దని వదిన చేతులు జోడించింది. ఒట్టేసిన."

తిట్లు తిన్నవాడికీ తెలుసు, తినిపించినదానికీ తెలుసు. మధ్యలో గొంతు చించుకున్న వెర్రివాడు తనొక్కడే!

"గీడ కూసో అన్నా. చాయ్ తాగిపో."

గంగాధర్ తాగలేదు.

ఇల్లు చేరేసరికి గడియారం ఆడుతోంది. సరోజమ్మ కంగారుగా ముల్లు తిప్పినట్టుంది, నాలుగింటికి తొమ్మిది కొట్టింది. ఆమె కాఫీ తెచ్చి నిలబడింది. ఆ టిక్కుటిక్కు కూడా వాళ్ళ పక్షమే అనిపించింది అతనికి. కుర్చీ ఎక్కి, తన చేత్తోనే లోలకం ఆపాడు.