మేడ మీదికి నెట్

ఆ లాప్‌టాప్‌ను కిటికీలోంచి గోల్ బజార్ రోడ్డు మీదికి విసిరేద్దామని నాకు ఎన్నిసార్లు అనిపించిందో చెప్పలేను. విసిరితే సరిగ్గా మా మామయ్య రంగుల దుకాణం ముందు పడుతుంది. బేరానికి వచ్చినవాడి నెత్తి పగిలితే ఆ పాపం కూడా నాకే చుట్టుకుంటుందని ఊరుకున్నాను.

కింద దుకాణం, పైన ఇల్లు. మహారాష్ట్రలోని చంద్రపూర్‌లో వ్యాపారం చేసుకునే మా తెలుగువాళ్ల ఇళ్లు చాలామటుకు ఇంతే. నేను కాగజ్‌నగర్ నుంచి ఈ ఇంటికి కోడలిగా వచ్చాను. కంప్యూటర్ చదువు చదివాను కాబట్టి జట్‌పురా గేటు దగ్గర ఒక చిన్న ఇన్‌స్టిట్యూట్‌లో పాఠాలు చెప్తానంటే, మామయ్య అనంతరావు గారు పెళ్లిచూపుల్లోనే సరే అన్నారు. ఆ సరే అన్నది ఏదో కొన్నాళ్ల ముచ్చట అనుకుని అన్నారని నాకు తర్వాత తెలిసింది. వంట ముగించి, భుజాన సంచీ వేసుకుని మెట్లు దిగితే నా ప్రాణం లేచొచ్చేది. బజారు దాటి గేటు దాకా నడిచే ఆ కాస్త దూరంలో నేను ఎవరి కోడల్నీ కాను, ఎవరి పెళ్లాన్నీ కాను. ఇంటికొచ్చాక మళ్లీ అవన్నీ అవుతాను, దానికి నాకేం పేచీ లేదు. ఆ మధ్య వేళ మాత్రం నాది.

రెండు వేల ఎనిమిదిలో దుకాణానికి బ్రాడ్‌బ్యాండ్ వచ్చింది. ఆర్డర్లన్నీ ఇక మెయిల్లోనే పంపాలని రంగుల కంపెనీవాళ్లు పట్టుబట్టారు. నెట్ కంపెనీవాళ్లు వచ్చి గల్లా పక్కన ఒక తెల్ల డబ్బా బిగించి, దీని నెట్ తీగ లేకుండా పైఅంతస్తుకు కూడా వస్తుందని చెప్పి పోయారు. ఆ మాట మామయ్య చెవిన పడకపోతే ఎంత బాగుండేదో! దుకాణంలో కంప్యూటర్ లేదు కాబట్టి, ఒకటి చూడమని మా ఆయన ప్రమోద్‌ను పురమాయించారు. ప్రమోద్ ఆవర్‌పూర్ సిమెంటు కాలనీలో ఎవరో వదిలించుకోవాలని చూస్తున్న పాత లాప్‌టాప్‌ను పట్టుకొచ్చాడు. దాంట్లో విండోస్ లేదు. నెట్ తీగ పెట్టే చోటు విరిగిపోయింది. నెట్ రావాలంటే ఇక గాల్లోంచే రావాలి.

ఆ పూట అన్నం తింటూ మామయ్య తీరిగ్గా అన్నారు. "నెట్ పైకొస్తే ఇంక ఆ ఇన్‌స్టిట్యూట్ ఎందుకు బిడ్డా? మన దుకాణం మెయిల్లు సూసుకుంట ఇంట్లనే కూసో. ఎండల, దుమ్ముల తిరుగుడు తప్పుతది."

చేతిలో ముద్దను కంచంలో పెట్టేశాను. "రాకపోతే మామయ్యా?" అన్నాను.

ఆయన పకపకా నవ్వారు. "నువ్వు కంప్యూటర్ టీచర్వు గదా. మనింట్ల కంప్యూటర్ నీతోని బాగుగాకుంటే, మంది పిల్లలకు ఏం జెప్తున్నవన్నట్టు? గప్పుడు ఇంక పోవుడే వేస్ట్."

చూశారా సంగతి! బాగుచేస్తే ఇంట్లో కూర్చోవాలి, చేయలేకపోతే పరువు పోగొట్టుకుని మరీ ఇంట్లో కూర్చోవాలి. ఆయన చెడ్డమనిషైతే కొట్లాడేదాన్ని. నేను ఎండలో నడిస్తే నిజంగానే బాధపడే మనిషి ఆయన. నా చావుకొచ్చింది కూడా అదే.

ఏదో ఒకటి చెప్పి పని సాగదీద్దామనుకున్నాను. కానీ పనిచేయని మిషన్ కళ్లెదురుగా ఉంటే నాకు అన్నం సహించదు. పైగా ఎక్కడో ఒక ఆశ. తీగ లేకుండా నెట్ రప్పించి చూపిస్తే, మా కోడలు ఇంతటిదా అని మామయ్యే మెచ్చుకుని పంపిస్తారేమోనని. ఆశకేం, దానికి బుద్ధి ఉండదు కదా.

మా ఇన్‌స్టిట్యూట్ సారు దగ్గర, విండోస్‌కు బదులు వాడే లినక్స్ సీడీ ఉంది. ఎవరో ఒక్కరి సొత్తు కాదది. ఎవరైనా వాడుకోవచ్చు, విప్పి లోపలేముందో చూడొచ్చు, పదిమందికి పంచొచ్చు. అది ఎక్కించగానే ఆ ముసలి లాప్‌టాప్ లేచి కూర్చుంది. తెర వెలిగింది, పాటలు పాడింది. వైర్‌లెస్ కార్డు మాత్రం ఉలకదు, పలకదు. ఆ కార్డు నడవడానికి ఒక చిన్న ఫైలు కావాలి. దాన్ని చేసిన కంపెనీ ఆ ఫైలును విడిగా ఎవరికీ ఇవ్వదు. విండోస్ కోసం తయారుచేసిన దాంట్లోంచి ఆ ముక్కను కోసి తీసుకోవాలి. ఆ కోసే పనిముట్టును ఎవరో పుణ్యాత్ములు రాసి అందరికీ ఉపయోగపడాలని నెట్‌లో పెట్టారు. నెట్‌లో! ఇంటికి నెట్ రావాలంటే ముందు నెట్ ఉండాలి. ఇక నేను ఇన్‌స్టిట్యూట్‌లో దించుకుని, పెన్‌డ్రైవ్‌లో వేసుకుని, ఇంటికి మోసుకొచ్చేదాన్ని. నన్ను ఇంట్లో కట్టిపడేసే తాడును నేనే రోజూ కొంచెం కొంచెం తెచ్చుకుంటున్నట్టు ఉండేది.

నేను సంచీ దించగానే అత్తమ్మ రుక్మిణి టీ గ్లాసుతో ఎదురొచ్చేది. కందిపప్పు చాట ముందేసుకుని కూర్చుని, "ఏం జూసినవే ఇయ్యాల?" అని అడిగేది. రోజూ అదే మాట. ఆవిడ ఆ మెట్లు దిగేది పెళ్లిళ్లకూ చావులకూ మాత్రమే. నేను చూసినవన్నీ చెప్పేదాన్ని. పాన్ డబ్బావాడూ ఆటోవాడూ కాలర్లు పట్టుకుంటే, ఒక బర్రె వచ్చి మధ్యలో నిలబడి ఇద్దర్నీ విడదీసిందని చెప్తే, ఆవిడ చాటలో పప్పు ఒలికేదాకా నవ్వింది. "బర్రెకున్న తెలివి మనుషులకు లేకపాయె" అంది. ఆ తర్వాత నేను లాప్‌టాప్ తెరిచేదాన్ని, ఆవిడ పప్పులో రాళ్లు ఏరేది.

ఫైలు పెట్టాను. కార్డు కదిలింది కానీ నెట్ రాలేదు. నల్ల తెర మీద ప్రతిసారీ ఒకటే మాట: రేడియో ఆపి ఉంది, దాని మీట నొక్కండి. ఏ మీట? లాప్‌టాప్‌ను అటు తిప్పి ఇటు తిప్పి చూశాను. మీట లేదు, గీట లేదు. తప్పు ఫైలుదేనని పాతది తీసి కొత్తది, కొత్తది తీసి ఇంకా పాతది పెట్టాను. ఇన్‌స్టిట్యూట్‌లో కూర్చుని, లినక్స్ వాడేవాళ్లు మాట్లాడుకునే చోట నా గోడు రాసుకుంటే, ఏ దేశంవాడో పాపం ఓపికగా జవాబిచ్చాడు. నీ మోడల్‌కు ముందు అంచున చిన్న జరిపే మీట ఉంటుందమ్మా, సరిగ్గా చూడు అని. ఇంటికొచ్చి ముందు అంచు చూశాను. ఏమీ లేదు. కళ్లున్నాయో లేవో తెలియని దాన్నా నేను? వాడికే తెలియదులే అని తిట్టుకున్నాను.

"ఏమైంది టీచరమ్మా, వచ్చిందా?" అని మామయ్య రోజూ అడిగేవారు. మొదట వేళాకోళంగా, తర్వాత జాలిగా. ఆ జాలే నాకు ఎక్కువ మండింది. చివరికి ఒకనాడు అనేశారు. "దీపావళి దాక జూద్దాం బిడ్డా. అయినా రాకుంటే నేనే మీ సారుకు ఫోన్ జేస్త, మా కోడలు ఇంక రాదని."

పండగ దగ్గర పడ్డాక ఒక సాయంత్రం, తెర మీద మళ్లీ అదే మాట వచ్చింది. మీట నొక్కమంట, మీట! నాకు ఒళ్లు మండి లాప్‌టాప్ మూతను ఠపీమని కొట్టి మూశాను. అత్తమ్మ ఉలిక్కిపడింది. ముందు అంచు నుంచి ఎర్రటి పెచ్చు ఒకటి ఊడి నా ఒళ్లో పడింది.

బొట్టు.

మా ఇంట్లో శుక్రవారం వచ్చిందంటే అత్తమ్మ పళ్లెం పట్టుకుని ఇల్లంతా తిరుగుతుంది. తడి పసుపు మెత్తి, దాని మీద కుంకుమ అద్దుతుంది. గడపకు, బీరువాకు, మిక్సీకి, ఫ్రిజ్‌కు, గ్యాస్ పొయ్యికి. లాప్‌టాప్ వచ్చిన నాటి నుంచి దానికి కూడా. మూసిన లాప్‌టాప్‌కు ముందు అంచే గడప అనుకుందేమో, సరిగ్గా నడిమధ్యన పెట్టేది. దాని మీదే మళ్లీ వారం ఇంకోటి. ఆ ఇంట్లో బొట్టు లేని వస్తువే లేదు కాబట్టి బొట్టును ఎవరూ చూడరు. నేనూ చూడలేదు. ఆ అంచును తిప్పి తిప్పి చూసి కూడా చూడలేదు!

మంగళసూత్రానికి తగిలించుకున్న పిన్నీసు తీసి, గట్టిపడిన పసుపును గీకాను. కింద చీమంత మీట బయటపడింది. పిన్నీసు మొనతో పక్కకు జరిపాను. నీలం దీపం వెలిగింది. మూత తెరిచేసరికి తెర మీద మా దుకాణం పేరు, దాని పక్కన నెట్ గుర్తు.

"వచ్చింది అత్తమ్మా! వచ్చింది! నీ బొట్టే అత్తమ్మా, నీ బొట్టే అడ్డం గూసున్నది!" అని గంతులేశాను.

"నా బొట్టేం జేసిందే?" అని ఆవిడ చిన్నబుచ్చుకుంది. పక్కన కూర్చోబెట్టుకుని చూపించాను. మీట ఇటు జరిపితే దీపం ఆరింది, అటు జరిపితే వెలిగింది. ఆవిడ వేలు పెట్టి తనూ ఒకసారి జరిపి చూసింది. "గింతనే ఉన్నదా!" అంది. ఆ ఘడియలో నాకు ఇన్‌స్టిట్యూట్ గుర్తు లేదు, మామయ్య మాట గుర్తు లేదు. ఆ సంతోషం ఇప్పటికీ నాది. దాన్ని మాత్రం నా నుంచి ఎవరూ తీసుకోలేరు.

మామయ్య పైకొచ్చి చూసి పొంగిపోయారు. ఏమైందని కూడా అడగలేదు. కిటికీలోంచి పక్క దుకాణానికి కేకేశారు. "ధనరాజ్ భావూ, జర పైకొచ్చి జూడు! మా సూన్‌బాయి తార్ లేకుంట నెట్ దెచ్చింది!" సూన్‌బాయి అంటే మరాఠీలో కోడలు. ధనరాజ్ వచ్చి చూసి తలూపి టీ తాగి పోయాడు. ఆ తర్వాత మామయ్య నా తల మీద చెయ్యి పెట్టి, "శభాష్ బిడ్డా. ఇంక నీకు తిప్పలు లేవు. రేపటి సంది బయటికి పోవుడు బంద్" అన్నారు.

"పాఠం జెప్పాలంటే పిల్లల మొకం జూడాలె గదా మామయ్యా" అన్నాను. నా మాట ఆయన చెవికెక్కలేదు. గదిలోకి వెళ్లాక ప్రమోద్, "నాయిన నీ మంచికే జెప్తుండు గదా" అన్నాడు.

"నిన్ను గూడ నీ మంచికే అని దుకాణం మూసి ఈడ కూసోబెడితే తెలుస్తది" అన్నాను. అతను అటు తిరిగి పడుకున్నాడు. నాకు ఏడుపొచ్చింది. ఏడిచాను.

దీపావళి వెళ్లిపోయింది. సంచీ తలుపు వెనక మేకుకు వేలాడుతోంది. ఇన్‌స్టిట్యూట్‌కు పోయే వేళకు నేను మేడ మీద బట్టలు ఆరేస్తున్నాను, బొగ్గు పవర్ హౌస్ బూడిద రాలి ఉన్న తీగను తుడిచి మరీ. మధ్యాహ్నం తెల్ల రంగు ఎన్ని డబ్బాలు, నీలం ఎన్ని డబ్బాలు అని కంపెనీకి మెయిల్లు కొట్టాను. నెట్ గోడలు దాటి, మెట్లెక్కి హాయిగా పైకొస్తోంది. నేనే దిగలేకపోతున్నాను.

అత్తమ్మ టీ తెచ్చి, చాట ముందేసుకుని, అలవాటు కొద్దీ అనేసింది. "ఏం జూసినవే ఇయ్యాల?"

"ఏం జూస్త? నువ్వేరిన పప్పు జూసిన" అన్నాను విసురుగా.

ఆవిడ మొహం వాడిపోయింది. ఆ తర్వాత మళ్లీ అడగలేదు. ఇద్దరం ఎదురెదురుగా కూర్చుని, ఆవిడ పప్పు చూస్తూ నేను తెర చూస్తూ సాయంత్రాలు గడిపాం.

శుక్రవారం వచ్చింది. అత్తమ్మ తలస్నానం చేసి పళ్లెంతో బయల్దేరింది. గడప, బీరువా, మిక్సీ అయ్యాయి. లాప్‌టాప్ దగ్గరికొచ్చి ఆగింది. నేను మెయిల్ రాస్తున్నానని కూడా చూడకుండా ముందు అంచు మీద బొటనవేలు ఆనించి, మీటను గట్టిగా పక్కకు జరిపింది. దీపం ఆరింది. చారెడు పసుపు తీసి మీట కనపడకుండా మెత్తి, పైన రూపాయి బిళ్లంత కుంకుమ అద్దింది.

"అత్తమ్మా!" అన్నాను.

ఆవిడ నా వైపు చూడలేదు. మెట్ల దగ్గరికి వెళ్లి కిందికి కేకేసింది. "ఇగో, ఇంటున్నవా! నెట్ మల్ల పోయింది! పాత మిషన్ గదా, పిల్లేం జేస్తది? ఇన్‌స్టిట్యూట్‌కు పంపుతున్న, అడిగొస్తది!"

"అరే! ఇయ్యాలనే కంపెనీకి ఆర్డర్ పోవాలె గదా!" అని కింది నుంచి మామయ్య గొంతు. "జల్ది పొమ్మను. మెయిల్ ఆన్నుంచే కొట్టమను!"

అత్తమ్మ సంచీ తీసి నా చేతికిచ్చింది. "మామయ్యకు తెలిస్తే?" అన్నాను మెల్లగా.

"ఏం తెలుస్తది? నేను ఈ ఇంటికి వచ్చిన కాన్నుంచి బొట్లు పెడుతున్న. ఒక్కనాడన్న ఎవలన్న వాటి దిక్కు జూసిండ్రా? నువ్వు జూసినవా?"

చూడలేదు. చెప్పులు వేసుకున్నాను.

రెండు మెట్లు దిగానో లేదో, వెనక నుంచి పిలిచింది. "ఆగు. ఆ పసుపు గీకిన పిన్నీసు ఇచ్చి పో."

తీసి ఇచ్చాను. ఆవిడ దాన్ని తన గాజుకు తగిలించుకుంది. "వచ్చినంక అన్నీ జెప్పాలె" అని చాట ముందేసుకుని కూర్చుంది.