ఏర్పాట్లు చేయొద్దన్నారు

మా అత్తగారు కాలీచా మీద నాకున్న ఫిర్యాదుల్లో మొదటిది ఆవిడ ఆరోగ్యం. డెబ్భై దాటినా మోకాళ్ళు నొప్పి పుట్టవు, చెవులు మందగించవు. నేను వంటగదిలో గొణుక్కున్నదానికి వీధి గుమ్మం దగ్గర నుంచే జవాబు చెబుతుంది. రెండోది మర్యాద. గయ్యాళి అత్త అయితే నలుగురికీ చెప్పుకుని ఏడవొచ్చు. ఈవిడ కరెంటు బిల్లు ఇవ్వడానికి వచ్చినవాడికి కూడా రొట్టె ముక్క తినిపించందే పంపదు. ఇలాంటి మనిషి గురించి ఎవరికి చెప్పుకోను? చెప్పుకున్నా నమ్మేదెవరు?

ఆ మర్యాదే కిందటి అక్టోబరులో మా కొంప ముంచబోయింది.

కొండల మధ్య ఉన్న మా ఊరు నారిన్‌లో, మా పేటలోని పాత పోస్టాఫీసు గదుల్లో, మేం కొందరు ఆడవాళ్ళం కలిసి పిల్లల కోసం పగటి కేంద్రం నడుపుతున్నాం. నడవలేని పిల్లలు, మాట రాని పిల్లలు పొద్దున వచ్చి సాయంత్రం వెళ్తారు. చోల్పోన్ అనే ఆవిడ వాళ్ళ చేత కాళ్ళకీ చేతులకీ వ్యాయామం చేయిస్తుంది. మా అమ్మాయి నాజిక్ కూడా అక్కడికే వెళ్తుంది. ఆరేళ్ళది. మాటలకు కొదవ లేదు గానీ కాళ్ళు నిలవవు. ఆ వేసవిలోనే మొదటిసారి గోడ పట్టుకుని నిలబడింది. నేను కళ్ళు తుడుచుకునేలోపే కూలబడిందనుకోండి, అయినా నిలబడింది. వ్యాయామం ఆగితే చలికాలం వెళ్ళేసరికి ఆ కాళ్ళు మళ్ళీ బిగుసుకుపోతాయని చోల్పోన్ నా మొహం మీదే చెప్పింది.

ఆగేలాగే ఉంది. నేల మీది చెక్కలు కుళ్ళిపోయాయి. పొయ్యి నిలువునా పగిలింది. చోల్పోన్‌కు జీతమిచ్చే దారి లేదు. మంచు పడ్డాక ఆ గదుల్లో గొర్రెను కట్టేసినా పాపమే.

అందుకని ట్రస్టులకు దరఖాస్తులు రాయడం మొదలుపెట్టాను. మా అందరిలో కాలేజీ గడప తొక్కింది నేనే. అక్కడ చదివింది భూగోళం, కానీ ఆ సంగతి ఎవరూ పట్టించుకోలేదు. గ్రాంటుకు దరఖాస్తు అంటే మన లేమిని మంచి వాక్యాల్లో చెప్పడమని త్వరలోనే అర్థమైంది. మొదటి ట్రస్టు, మా ఫలితాలు కొలవడానికి వీలుగా లేవంది. ఇంకో ట్రస్టు అసలు జవాబే ఇవ్వలేదు. రాజధాని బిష్కెక్‌లోని మూడో ట్రస్టు మాత్రం ఫోన్ చేసింది. తమ మనిషి పెరిజాత్ వచ్చి చూస్తుందనీ, ఉన్నది ఉన్నట్టు చూస్తుందనీ, దయచేసి ఏ ఏర్పాట్లూ చేయొద్దనీ చెప్పారు.

ఆ ఆఖరి మాట మా అత్తగారికి చెప్పడం నా తెలివితక్కువ. రావాలనుకున్న ప్రతి అతిథీ 'నా కోసం శ్రమపడకండి' అనే అంటారు. ఆ మాట వినగానే విందుకు గొర్రె కోసం మనిషిని పంపడం మా అలవాటు.

"బిష్కెక్ నుంచి మనిషి వస్తే కుళ్ళిన చెక్కలు చూపిస్తావా?" అంది అత్తగారు. "వెనక్కి వెళ్ళి మన ఇంటి గురించి ఏం చెప్పుకుంటుంది?"

"అది ఇల్లు కాదత్తయ్యా, కేంద్రం."

"తలుపుంది, పొయ్యి ఉంది. ఇల్లు కాక ఏమిటి?"

"పొయ్యి పగిలింది."

"అందుకే దాని ముందు అలమారా పెట్టిద్దామంటున్నాను."

ఆ సాయంత్రమంతా నచ్చజెప్పాను. మన అవసరం కళ్ళతో చూస్తే తప్ప వాళ్ళు ఇవ్వరని, ఇవ్వకపోతే నాజిక్ మంచం మీదే ఉండిపోతుందని చెప్పాను. చివరికి ఆవిడ, "సరేలే అమ్మాయ్, నీ ఇష్టం" అంది. అంత సులభంగా ఒప్పుకున్నందుకు నాకు అనుమానం రావలసింది. రాలేదు.

మర్నాడు పెరిజాత్‌ను తీసుకురావడానికి బస్టాండుకు వెళ్ళాను. ఆవిడ ఎక్కిన బండి కనుమలో ఆగిపోయి ఆలస్యంగా వచ్చింది. నాకంటే కాస్త చిన్నది, పొట్టి జుట్టు, మాట తక్కువ. దారిలో ఒక్కటే అడిగింది, పిల్లలందరూ ఉన్నారా అని. ఉన్నారన్నాను ధైర్యంగా.

తలుపు తీశాను. ఉడికిన మాంసం వాసన ముందు ఎదురొచ్చింది. నేను లేని ఆ కాసేపట్లో పేటంతా చేయి కలిపి పని ముగించింది. పైకప్పు బాగుచేద్దాం రమ్మంటే నడుం నొప్పులు చెప్పినవాళ్ళు కూడా వచ్చినట్టున్నారు. నేల కనబడకుండా గోడ నుంచి గోడ దాకా ఉన్ని తివాచీలు. అందులో రెండు పక్కింటి తుర్దుగుల్ కూతురి పెళ్ళి సారెవని గుర్తుపట్టాను. పొయ్యి ముందు అద్దాల అలమారా. మూల ఎవరిదో కరెంటు హీటరు ఎర్రగా వెలుగుతోంది. మధ్యలో వస్త్రం పరిచి రకరకాల పళ్ళ జామ్‌లు, ఎండుపళ్ళు, వేయించిన పిండి వంటలు, వెన్న. పిల్లలు మాత్రం ఒక్కరూ లేరు.

అత్తగారు తెల్ల తలగుడ్డ కట్టుకుని అతిథిని గది పైభాగాన, అందరికంటే గౌరవమైన చోట కూర్చోబెట్టింది. నేను టీ కెటిల్ పట్టుకుని గుమ్మం వైపు కూర్చున్నాను. కోడలి చోటు అది. అతిథి ముందు అత్త మాటకు కోడలు ఎదురు చెప్పడం మా వైపు ఎవరూ చూసి ఉండరు. దరఖాస్తులోని ప్రతి అక్షరం నేను రాసిందే. నోరు తెరిచే హక్కు మాత్రం కెటిల్‌కెంతో నాకూ అంతే.

పిల్లలెక్కడని అడిగింది పెరిజాత్.

"ఈ పూట రావద్దన్నాను తల్లీ. గోల చేస్తారు. నువ్వు నాలుగు ముద్దలు ప్రశాంతంగా తినాలి కదా."

మామూలుగా ఎంతమంది వస్తారని అడిగితే వస్తుంటారు, పోతుంటారు అంది. చలికాలం ఎలా గడుస్తుందంటే హీటరు వైపు చూపించింది. చివరికి పెరిజాత్ కలం పక్కన పెట్టి, మీకు ముఖ్యంగా ఏం కావాలో మీ నోటితో చెప్పమంది.

నేను మనసులోనే బతిమాలుకున్నాను. చెప్పత్తయ్యా, నేల అని చెప్పు, పొయ్యి అని చెప్పు, చోల్పోన్ అని చెప్పు.

"అల్లా దయవల్ల మాకు ఏ లోటూ లేదు" అంది అత్తగారు నిండుగా నవ్వుతూ. "నువ్వు వచ్చావు, అదే చాలు."

ఆ మాట వింటూ నేను పోస్తున్న టీ పియాలా అంచు దాకా వచ్చేసింది. మేం పియాలాలో సగమే పోస్తాం, మళ్ళీ మళ్ళీ పోస్తూ అతిథిని కూర్చోబెట్టుకోవడానికి. నిండా పోశామంటే ఇక దయచేయమని. పెరిజాత్ ఆ పియాలాను చూసింది, నన్ను చూసింది.

"వెళ్ళమంటున్నారన్నమాట" అంది. నవ్వబోయి మానేసింది. పుస్తకం సంచిలో పెట్టుకుంది. ఇంకో ఊళ్ళో పిల్లలు చలికి కోట్లు తొడుక్కుని కూర్చోవడం నిన్న చూసి వచ్చిందట. రెండు చోట్లలో ఒకదానికే ఇవ్వగలరట. చూసిందే రాస్తానంది. తప్పుగా అనుకోవద్దంది.

అత్తగారు అప్పుడే దారికి మాంసం మూట కట్టడం మొదలుపెట్టింది. ఆవిడకు అంతా చక్కగా జరిగినట్టే ఉంది.

నేను కెటిల్ కింద పెట్టి లేచాను. ఎవరి సెలవూ అడగలేదు. పొద్దున వచ్చిన పిల్లల్ని దాచాలంటే పక్కనున్న తుర్దుగుల్ ఇల్లే అనుకుని వెనకగుమ్మం గుండా అక్కడికి వెళ్ళాను. వాళ్ళ చిన్న గదిలో పిల్లలంతా గోడవారగా బొంతల మీద ఉన్నారు, చోల్పోన్ వాళ్ళ మధ్య నోరు మూసుకుని కూర్చుంది. ఎందుకు ఒప్పుకున్నావని అడిగాను. పెద్దావిడ చెబితే ఏమంటానంది. అదీ నిజమే. నాజిక్‌ను చంకనెత్తుకుని, మిగిలినవాళ్ళను తీసుకురమ్మని చెప్పి వెనక్కి పరిగెత్తాను.

పెరిజాత్ బూట్లు తొడుక్కుంటోంది. నేను విందు వస్త్రం పక్కగా వెళ్ళి తుర్దుగుల్ తివాచీ అంచు కాలితో పక్కకు లాగాను. చెక్కలు లేనిచోట నల్లటి మన్ను బయటపడింది. అత్తగారి మొహం తివాచీ కంటే ఎర్రబడింది.

"కోడలా" అంది మెల్లగా. ఆవిడ అరిచి ఉంటే నాకు భయం తక్కువ వేసేది.

బదులు చెప్పింది నాజిక్. నా మెడ పట్టుకుని గదంతా చూసి, "నానమ్మా, అతిథి వెళ్ళేదాకా కదలొద్దన్నావుగా. వెళ్ళిపోయిందా?" అంది.

పెరిజాత్ ఒక కాలికి బూటుతో అలాగే ఆగిపోయింది. ఆ అతిథి ఆవిడేనని నాజిక్‌కు తెలియదు. ఆవిడ వైపు తిరిగి, "నీకు మాంసం పెట్టారా? మాకు పెట్టలేదు" అని కూడా అంది.

వెనకగుమ్మం దగ్గర చోల్పోన్ ఒక పిల్లవాడిని మోసుకొచ్చి, లోపలికి రావాలో వద్దో తెలియక నిలబడిపోయింది. ఈ పిల్ల ఎవరని పెరిజాత్ మా అత్తగారినే అడిగింది. నన్ను అడగలేదు. అత్తగారు కావాలంటే పక్కింటి పిల్ల అనగలదు. వీధిలో కొత్తవాళ్ళు అడిగితే, పిల్లకు జ్వరమని, అందుకే ఎత్తుకున్నామని ఆవిడ చెప్పడం నేను చాలాసార్లు విన్నాను.

ఆవిడ చేతిలో మూట ఉంది. దాన్ని ముడి వేసింది, మళ్ళీ విప్పింది. మాంసం ముక్క తీసి నాజిక్ చేతిలో పెట్టింది. పిల్ల కాళ్ళను రెండు చేతులతో పట్టుకుంది.

"నా మనవరాలు. నడవలేదు" అంది. ఆ మాట బయటివాళ్ళ ముందు ఆవిడ నోట నేను వినడం అదే మొదలు. "కూర్చో తల్లీ, బూటు విప్పు. ఆ అలమారా నాది, తివాచీలు ఊళ్ళోవాళ్ళవి. కోడలు వద్దని మొత్తుకుంది, వినలేదు. పిల్లల్ని దాచింది నేనే. తప్పు నాది."